కోతల పండుగకు దోదో

మొరెనికె లాంటి బేరం ఏ పళ్ళ కొట్టుకైనా రోజూ తగలాలి. నిగనిగలాడే పళ్ళ వంక ఆమె చూడను కూడా చూడదు. తొక్క నల్లబడి, వేలితో నొక్కితే లోపలికి దిగిపోయే పళ్ళు, సాయంత్రానికి చెత్తలోకి పోవాల్సినవి, వాటినే ఏరి ఏరి అట్టపెట్టెలో వేసుకుని బస్సెక్కుతుంది. అవి కూడా మామూలు అరటిపళ్ళు కావు, మన బొంత అరటి లాంటి కూర అరటి. రావులపాలెం గెలల మార్కెట్టు పక్కన పుట్టి పెరిగిన ఎలీనాకు మొదట్లో ఇది పిచ్చిలా అనిపించేది. వాళ్ళ ఊళ్ళో ఆ దశకొచ్చిన పండును గేదె కూడా వాసన చూసిగానీ ముట్టదు.

ఆ మంగళవారం మధ్యాహ్నం ఎలీనా వేర్‌హౌస్ షిఫ్టు ముగించుకుని వచ్చేసరికి, ఇద్దరూ అద్దెకుంటున్న బేస్‌మెంట్ వంటగదిలో పని జోరుగా సాగుతోంది. మొరెనికె తొక్కలన్నీ వలిచేసి, పండును పెద్ద గిన్నెలో చేత్తోనే చిదిమి, ఉప్పూ కారమూ పట్టిస్తోంది. స్టవ్ మీద మూకుట్లో ఎర్ర పామాయిల్ కాగుతోంది. మన రేషన్ పామాయిల్ కాదది. తుప్పు రంగులో ఉంటుంది, చలికి గడ్డ కడుతుంది, కాగిందంటే ఇల్లంతటికీ చెప్పి మరీ కాగుతుంది. ఎలీనా బ్యాగు మూలన పడేసి, ఎగ్జాస్ట్ ఫ్యాను ఇంకో గీత పెంచి, చేతులు కడుక్కుని పక్కన నిలబడింది.

నూనెలో పడిన పండు ఎర్రబడింది, ఆ పైన ముదురు గోధుమ రంగుకు తిరిగింది. బజ్జీలు వేసిన చేయి కాబట్టి ఎలీనాకు అప్పుడే తీసేయాలని ఉంటుంది. మొరెనికె ప్రతిసారీ ఆమె మణికట్టు పట్టుకుని ఆపుతుంది. మాడిపోయిందేమోనన్న అనుమానం వచ్చాక ఇంకాసేపు ఉంచాలి. అప్పుడు తీసి, వేడి మీదే చెక్క గరిటెతో మెదిపి, స్టీలు కాఫీ గ్లాసులో కూరి, బోర్లించి తట్టాలి. చల్లారితే అతుక్కోదు. కాబట్టి ఒకరు తీస్తుండాలి, ఒకరు కూరుతుండాలి. ఆ కూరే పని, ఆ కాఫీ గ్లాసు, రెండూ ఎలీనావే. అలా తట్టిన ముద్దనే దోదో ఇకిరే, పొట్టిగా దోదో, అంటారు. ఇకిరే, ఆఫ్రికాలో మొరెనికె పుట్టిన ఊరు. అక్కడ వాళ్ళ పెద్దమ్మ వీటిని ఆకుల్లో చుట్టి, ఇబాదాన్ రోడ్డు మీద ఆగిన బస్సుల కిటికీల్లోకి అందించేదట. కొరికితే ముందు తీపి తగులుతుంది, మింగబోతుంటే కారం వస్తుంది. తీపిలో కారమేంటని ఒకప్పుడు ముఖం చిట్లించిన ఎలీనా, ఇప్పుడు కారం తగ్గితే తనే అడుగుతోంది.

సగం పని అయ్యాక మొరెనికె మంట తగ్గించి, మెట్ల వైపోసారి చూసి, సంగతి చెప్పింది. పక్క ఊరు కిచెనర్‌లో ఆఫ్రికన్ సరుకుల షాపు నడిపే అకిన్ అనే పెద్దాయన ఆమె దోదో రుచి చూసి, వారం వారం తన షాపులో పెడతానన్నాడు. జనవరి నుంచి షాపు వెనక ఉన్న లైసెన్సున్న వంటగదిలోనే చేసుకోవచ్చన్నాడు. అందాకా ఇక్కడే, గుట్టుగా. ఆ వ్యాపారం నిలబడితే వేసవికల్లా భర్తనూ కూతురినీ రప్పించుకోవచ్చు. తను ఉంటున్న కిటికీ గదిని వీడియో కాల్‌లో చూపించి, నీ మంచం ఇక్కడ వేస్తానని కూతురికి మాట కూడా ఇచ్చేసింది. వాళ్ళిద్దరూ మాట్లాడుకునేది ఇంగ్లీషే, కానీ ఇలాంటి మాటలప్పుడు మొరెనికె ఇంగ్లీషు బాగా నెమ్మదిస్తుంది.

“షాపు వంటగదిలోకి మారేదాకా ఇది మన మధ్యే ఉండాలి ఎలీనా. పైవాళ్ళకి అసలు తెలియకూడదు.”

“నేనెవరికి చెప్తాను సిస్టర్,” అంది ఎలీనా. మనస్ఫూర్తిగానే అంది.

పైవాళ్ళంటే ఇంటి ఓనర్లు. సంతోషం అంకుల్ కారు విడిభాగాల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు, తెలుగు ఫెలోషిప్‌లో సంఘపెద్ద. జయమణి ఆంటీ వృద్ధాశ్రమంలో నర్సు. ఎలీనా చదువుకోవడానికొచ్చిన కేంబ్రిడ్జ్‌లో ఆ సంవత్సరం రూములకు కరువొచ్చింది. కాలేజీలు అడిగిన ప్రతివాళ్ళకీ సీట్లిచ్చేశాయిగానీ, వీళ్ళంతా ఎక్కడ పడుకుంటారని ఎవరూ ఆలోచించలేదు. హాల్లో కర్టెన్ కట్టి ఇద్దరు, ఫర్నేసు పక్కన పరుపేసుకుని ఒకరు, ఇలా సర్దుకుంటున్నారు పిల్లలు. అలాంటి రోజుల్లో తలుపున్న గది, కిటికీ ఉన్న గది, తిట్టని ఓనరు దొరకడమంటే మాటలు కాదు. ఎలీనా ఆ దంపతులను నిజంగానే ప్రేమించింది. జ్వరమొస్తే ఆంటీ మెట్లు దిగి వచ్చి నుదుటి మీద చెయ్యి వేసి ప్రార్థన చేసేది.

*

బుధవారం సాయంత్రం ఆంటీ హాల్లో స్త్రీల కూడిక జరిగింది. సోఫాలు గోడవారగా జరిపి, కార్పెట్ మీద గుండ్రంగా కూర్చున్నారు. పాట అయ్యాక, వాక్యం అయ్యాక, ఒక్కొక్కరూ తమ ప్రార్థన అంశం చెప్పడం ఆనవాయితీ. ఒకావిడ ఇక్కడే స్థిరపడడానికి పెట్టిన పీఆర్ ఫైలు కదలడం లేదంది. ఒకావిడ మోకాళ్ళ నొప్పులంది. ఇంకొకావిడ కొడుకు చర్చికి రానంటున్నాడని చెప్పి కళ్ళు తుడుచుకుంది. అక్కడ చెప్పుకున్నది అక్కడే ఉండాలని ఎవరూ ఎవరికీ హెచ్చరికలు చేయరు. సండే స్కూలు నాటి నుంచీ ఆ గుండ్రంలో కూర్చున్నవాళ్ళకి ఆ మాట వేరే చెప్పక్కర్లేదని అందరి నమ్మకం.

ఎలీనా వంతు వచ్చింది. బాబాయి కూతురు గ్లోరియా జనవరిలో ఇక్కడి కాలేజీకే వస్తోందనీ, రూము దొరకడం లేదనీ చెప్పింది. అక్కడితో ఆగిపోయినా ఎవరూ ఏమీ అనుకోరు. కానీ ఆ సాయంత్రం అందరూ కష్టాలే చెప్పారు. తన దగ్గర ఒక్క మంచి కబురుంది, అది కడుపులో నిలవడం లేదు. మొరెనికెకు ఇచ్చిన మాట గుర్తుంది. అయినా ఇది ఎవరికో చెప్పడం కాదు కదా, దేవుడికి చెప్పడం కదా అనుకుంది. స్నేహితురాలి మేలు కోరి దేవుడి ముందు పెట్టకపోతే తన భక్తి ఎందుకని కూడా అనుకుంది. అనుకుని, చెప్పేసింది. దోదో, షాపు, జనవరి, కూతురి మంచం, అన్నీ.

జయమణి ఆంటీ ప్రార్థన చాలా బాగా చేస్తుంది. తడబాటు ఉండదు, ఆమె గొంతు వింటుంటే మనసు నెమ్మదిస్తుంది. ఆ రోజు గ్లోరియాను పేరు పెట్టి ఎత్తింది, మొరెనికెనూ పేరు పెట్టి ఎత్తింది. “మా బిడ్డ మొరెనికె చేతుల కష్టాన్ని ఆశీర్వదించు తండ్రీ” అన్నప్పుడు ఆంటీ గొంతు వణికింది. ఎలీనాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. తరువాత ఆంటీ కోడికూర డబ్బాలో పెట్టి ఇస్తూ, పాపం ఆ అమ్మాయి ఎంత కష్టపడుతోందో, నూనె ఏ మాత్రం పడుతుంది, వారానికి ఎన్నిసార్లు పెడుతుంది అని అడిగింది. ఎలీనా ప్రతిదానికీ జవాబు చెప్పి, కూర డబ్బా పట్టుకుని ఉత్సాహంగా మెట్లు దిగింది.

*

శుక్రవారం ఎలీనా క్లాసు నుంచి వచ్చేసరికి మొరెనికె కోటు కూడా విప్పకుండా మంచం అంచున కూర్చుని ఉంది. సంతోషం అంకుల్ కిందికి వచ్చి వెళ్ళాడట. చాలా మర్యాదగా మాట్లాడాడట. ఇంట్లో వంటల వ్యాపారం జరుగుతున్నట్టు తెలిసింది, అగ్గి సంబంధం, ఇన్సూరెన్సు ఒప్పుకోదు, నెలాఖరుకు గది ఖాళీ చేయమన్నాడట. గొడవ లేకుండా వెళ్తే మంచి రిఫరెన్సు ఇస్తానన్నాడట.

అలా ఉన్నపళాన పొమ్మనడం కుదరదని మొరెనికెకు తెలుసు. ఫిర్యాదు చేసే చోటు కూడా తెలుసు. కానీ ఫిర్యాదు చేసినదానికి రిఫరెన్సు ఎవరిస్తారు? రిఫరెన్సు లేనిదానికి ఈ ఊళ్ళో గది ఎవరిస్తారు? ఆ లెక్కంతా ఆమె మంచం మీద కూర్చునే వేసేసుకుంది. ఆమెకు అంతుపట్టనిది ఒకటే, ఎవరు చెప్పారన్నది.

“ముగ్గురికే తెలుసు. నాకు, నీకు, అకిన్‌కి,” అంది. ఎలీనా నోరు తెరిచేలోపే చెయ్యి ఊపేసింది. “నువ్వు కాదులే. అకిన్ నోరే ఊరుకోదు.” సంతోషం అంకుల్ మేక మాంసం కొనేది అకిన్ షాపులోనే. ముక్కలు కొడుతూ కొడుతూ గొప్ప కోసం వాగేసి ఉంటాడు. ఆమెకు అది ఖాయంగా కనిపించింది.

నువ్వు కాదులే అన్న ఆ మాట విని ఎలీనా అక్కడ ఉండలేకపోయింది. బాత్రూంకి వెళ్తున్నట్టు వెళ్ళి, అటునుంచి అటే మెట్లెక్కింది.

ఆంటీ వంటగదిలో నిలబడి ఆదివారం చర్చిలో జరిగే కోతల పండుగకు అరిసెల పిండి కలుపుతోంది. ఎలీనా ముఖం చూడగానే ఆమెకు విషయం అర్థమైంది. అయినా చెయ్యి ఆపలేదు.

“ఆంటీ, నేను బుధవారం చెప్పింది ప్రార్థన కోసం.”

“ప్రార్థన చేశాంగా అమ్మా.”

“మరి అంకుల్‌కి ఎలా తెలిసింది?”

“నేనెవరికీ చెప్పలేదు. మీ అంకుల్‌కే చెప్పా. ఆయనకి చెప్తే ఒకళ్ళకి చెప్పినట్టా? రేపు కొంపంటుకుంటే ఇన్సూరెన్సువాళ్ళు మొహం చూస్తారేంటి? ఆ అమ్మాయికి ఇంతకంటే మంచి చోటు దొరుకుద్ది, నాకు మనసులో అనిపిస్తోంది. నీ పేరైతే మేం ఎక్కడా ఎత్తలేదు, నువ్వేం భయపడకు.”

ఎలీనాకు ఒళ్ళు మండిపోయింది. నమ్మించి గొంతు కోయడమంటే ఇదేననుకుంది. వణికిన ఆ గొంతు, అది విని తను పెట్టుకున్న కన్నీళ్ళు, ఆ కోడికూర, అన్నీ గుర్తొచ్చాయి. అదే ఇంట్లో ఉంటూ, అదే దేవుణ్ణి పిలుస్తూ, ఒక మనిషి ఇంత చల్లగా ఎలా చేయగలదు? అరిచేయాలనిపించింది, అరవలేదు. ఆంటీ ముందు గొంతు పెంచడం ఆమెకు ఎవరూ నేర్పలేదు. మొరెనికెను ఉండనివ్వమని మాత్రం బతిమాలింది. ఆంటీ పిండి చేతులతోనే ఆమె గడ్డం పుణికి, ప్రార్థనలో పెడదాం అంది.

మెట్లు దిగుతుంటే ఎలీనా ఏడ్చింది. కోపంతోనే ఏడ్చింది. కానీ ఆ కోపం అడుగున ఇంకొకటి కూడా ఉంది. నీ పేరు ఎత్తలేదు అన్న మాట దగ్గర తన గుండె కాస్త కుదుటపడింది. ఆ సంగతి ఆమె తనకు తాను కూడా చెప్పుకోలేదు.

*

శనివారం ఉదయం మొరెనికె బూట్లు తొడుక్కుంటూ, అకిన్ సంగతి తేల్చుకుని వస్తానంది. ఎలీనా సింకు దగ్గర గ్లాసు తోముతోంది. తోమిన గ్లాసునే మళ్ళీ తోముతోంది. మొరెనికె కోటు వేసుకుంది, జిప్పు లాగింది, టోపీ కోసం వెతికింది, టోపీ దొరికింది. చెప్పడానికి కావలసినంత వ్యవధి ఉంది. ఎలీనా చివరికి నోరు తెరిచి, బయట గాలి బాగా ఉంది, మెడకు ఏదైనా చుట్టుకోమంది. మొరెనికె థాంక్స్ చెప్పి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం తిరిగొచ్చింది. తీసుకెళ్ళిన దోదో డబ్బాలు తీసుకెళ్ళినట్టే వెనక్కి తెచ్చింది. అకిన్ తల్లి మీద ఒట్టేశాడట తను చెప్పలేదని. ఈమె నమ్మలేదట. షాపు నిండా జనం, వాళ్ళందరి ముందు మాటా మాటా పెరిగింది. పెద్దవాణ్ణి పట్టుకుని అబద్ధాలకోరువి అనేసింది. వాళ్ళలో ఆ మాట పడడం చిన్న సంగతి కాదు. నీ దోదో నా షాపు గుమ్మం తొక్కకూడదు అన్నాడట ఆయన. ఇక జనవరీ లేదు, షాపు వెనక వంటగదీ లేదు.

అంతా వింటూ ఎలీనా కుర్చీలో బిగుసుకుపోయింది. ఇప్పుడు చెప్పడం పొద్దున చెప్పడం కంటే పది రెట్లు కష్టమైపోయింది. రేపు చెబుదాం, ఈమె కాస్త తేరుకున్నాక చెబుదాం అనుకుంది. తేరుకున్నాక చెబితే మళ్ళీ పడగొట్టినట్టే కదా అని కూడా అనిపించింది. ఇలా అటూ ఇటూ కొట్టుకుంటూ నోరు మూసుకునే ఉంది.

కాసేపటికి మొరెనికె లేచి, మిగిలిన నల్లపళ్ళ పెట్టె ముందుకు లాగింది. ఫెలోషిప్ కోతల పండుగకు దోదో ఇస్తానని ఆమె ఎప్పుడో మాటిచ్చింది. ఎలీనాకు మండుకొచ్చింది. వాళ్ళ పండుగకి నువ్వెందుకు చేయడం, పారేయ్ అంది.

“వాళ్ళకి కాదుగా ఇస్తున్నది,” అంది మొరెనికె, తొక్క వలుస్తూ. ఇకిరేలో వాళ్ళ చర్చిలోనూ కోతల పండుగ ఉందట. కంద దుంపలు, కోళ్ళు, తేనె సీసాలు తెచ్చి బల్ల మీద పెడతారట, ఆరాధన అయ్యాక వేలం వేస్తారట. అచ్చం గోదావరి జిల్లాల చర్చిల్లో లాగే. దేవుడికి అనుకున్నది మనుషుల మీద కోపంతో ఆపకూడదని వాళ్ళ పెద్దమ్మ పెట్టిన పద్ధతి.

ఇద్దరూ కలిసే చేశారు. మొరెనికె తీసింది, ఎలీనా కూరింది. మధ్యలో చెయ్యి తడబడి వేడి ముద్ద ఎలీనా వేలికి అంటుకుంది. మొరెనికె గరిటె పడేసి, ఆమె చెయ్యి లాక్కుని కుళాయి కింద పెట్టి, మంట తగ్గేదాకా వదలకుండా పట్టుకుంది. నీళ్ళ చప్పుడులో, పోయిన గది గురించి కాదు, అకిన్ గురించే మాట్లాడింది. సొంత మనిషి అనుకున్నవాడు ఇలా చేస్తే తట్టుకోవడం కష్టంగా ఉందంది. ఎలీనా తల ఊపింది.

*

ఆదివారం మధ్యాహ్నం ఇంగ్లీషు ఆరాధన ముగిశాక తెలుగువాళ్ళ ఆరాధన. ముందు బల్ల మీద గుమ్మడికాయలు, గోంగూర కుండీలు, చికెన్ పచ్చడి సీసాలు, ఆంటీ అరిసెలు, ఎవరో పేర్చిన యాపిల్ బుట్ట. వాటి మధ్య మొరెనికె దోదో డబ్బా, పైన ఎర్ర రిబ్బను. మొరెనికె నీలం గౌను వేసుకుని, అదే గుడ్డతో తలకు చుట్టుకుని వచ్చింది. సంతోషం అంకుల్ ఎదురొచ్చి చేతులు కలిపాడు. గాడ్ బ్లెస్ యూ సిస్టర్ అన్నాడు. ఆమె గాడ్ బ్లెస్ యూ సర్ అంది. మొరెనికె, ఎలీనా చివరి వరసలో కూర్చున్నారు.

వేలానికి ముందు సాక్ష్యాలు, దేవుడు చేసిన మేళ్ళు నలుగురిలో చెప్పుకోవడం. జయమణి ఆంటీ ఉప్పాడ చీర కొంగు తల మీదికి లాక్కుని మైకు అందుకుంది. ఆంటీకి మైకు భయం లేదు.

“దేవునికి స్తోత్రం. బుధవారం కూడికలో మన ఎలీనా రెండు అంశాలు పెట్టింది. ఒకటి, జనవరిలో వచ్చే వాళ్ళ చెల్లి గ్లోరియాకి రూము. రెండోది, మా కింద ఉండే మొరెనికె చేసే వ్యాపారం. ఆ రెండోది ఎలీనా చెప్పకపోతే మా ఇంట్లో ఏం జరుగుతోందో మాకు తెలిసేదే కాదు. దేవుడు మా ఇల్లు కాపాడాడు. వారం తిరక్కుండా అదే గదిని గ్లోరియాకి తెరిచాడు. రెండు ప్రార్థనలకీ ఒక్కటే జవాబు.”

హల్లెలూయా అంటూ అందరూ చప్పట్లు కొట్టారు. తన పేరు వినబడినందుకు, తెలుగు రాని మొరెనికె కూడా, చేతులు పైకెత్తి మరీ, అందరికంటే గట్టిగా కొట్టింది.

ఎలీనాకు ముందు ఒక్క ముక్కే తలకెక్కింది, గ్లోరియా. గది ఎందుకు ఖాళీ కావాల్సి వచ్చిందో అప్పుడు తెలిసింది. ఇన్సూరెన్సు సాకు. కాదు, సాకు కూడా కాదు. ఆంటీ ముఖంలో దొంగతనం లేదు, నిజమైన సంతోషమే ఉంది. తను చేసినదంతా దేవుడి పనేనని ఆమె మనసారా నమ్ముతోంది. ఎలీనాకు అసలు భయమేసింది అక్కడే.

మొరెనికె ఒంగి, నవ్వుతూ అడిగింది. “నా పేరు చెప్పిందిగా, ఏమంది?”

నీ వ్యాపారం కోసం ప్రార్థన చేశామంది అంటే సరిపోతుంది. అందులో అబద్ధం కూడా లేదు. మైకు దగ్గర నుంచి ఆంటీ ఇటే చూస్తోంది, చిరునవ్వుతో. ఎలీనా మాట మాట్లాడకపోతే ఈ హాల్లో ఎవరికీ ఏ నష్టమూ లేదు. మాట్లాడితే తనకు ఈ ఊళ్ళో ఉన్న ఒక్క స్నేహమూ పోతుంది.

చెప్పింది. పాస్టరు పక్కన నిలబడి తర్జుమా చేసేవాళ్ళలా, ఒక్కో వాక్యమూ, ఏదీ కలపకుండా, ఏదీ తీయకుండా, ఇంగ్లీషులో చెప్పింది. ఎలీనా చెప్పకపోతే మాకు తెలిసేది కాదు అన్న వాక్యం దగ్గర కూడా ఆగలేదు. ఆగితే మళ్ళీ చెప్పలేనని ఆమెకు తెలుసు. అన్నీ అయ్యాక, “వాళ్ళకి చెప్పింది నేనే సిస్టర్. అకిన్ కాదు,” అంది.

మొరెనికె చేతులు ఒళ్ళోకి దిగాయి. గది పోయిన మాట ఎత్తలేదు. గ్లోరియా ఎవరని అడగలేదు.

“నిన్న పొద్దున నేను కోటు వేసుకుంటుంటే నువ్వు చూస్తూనే ఉన్నావు,” అంది. “ఆ ముసలాయన్ని నలుగురిలో అబద్ధాలకోరువి అన్నాను ఎలీనా.”

రెండు రోజులుగా ఎలీనా ఆంటీ మీద పెంచుకున్న కోపమంతా, తనను మోసం చేశారన్న బాధంతా, పట్టుకుని నిలబడదామంటే పట్టు దొరకలేదు. ఆంటీ మాట దాటించింది బుధవారం. శుక్రవారం, శనివారం, పక్కన నిలబడి దోదో కూరుతూ దాన్ని దాచింది తనే.

వేలం మొదలైంది. సంతోషం అంకుల్ అందులో దిట్ట, సగం తెలుగు, సగం ఇంగ్లీషు, మధ్యలో జోకులు. గుమ్మడికాయ పోయింది, పచ్చళ్ళు పోయాయి. దోదో డబ్బా ఎత్తి పట్టుకుని, మన ఆఫ్రికన్ సిస్టర్ చేతి వంట, అరటిపండు స్వీటు అన్నాడు. జయమణి ఆంటీయే పాడింది. ఆవిడ పాడాక పోటీ ఎవరూ రాలేదు. ఆవిడ డబ్బా విప్పి, వరసల వెంట తిరుగుతూ అందరికీ తలా ఒకటి పంచింది. కారం తగలగానే పిల్లలు ఉఫ్ ఉఫ్ అంటూ నీళ్ళకు పరిగెత్తారు, పెద్దవాళ్ళు బాగుంది బాగుంది అన్నారు. మొరెనికె తన పెద్దమ్మ పద్ధతి ప్రకారం ఇచ్చినదాన్ని ఇచ్చినట్టే వదిలేసి, నిటారుగా కూర్చుంది.

చివరి వరస దాకా వచ్చేసరికి ఆంటీకి వాళ్ళిద్దరి ముఖాలూ చూసి సంగతి తెలిసిపోయింది. ఎలీనాను మోచెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్ళింది.

“సంఘంలో చెప్పుకున్న మాట బయటివాళ్ళకి చెప్పేశావేంటమ్మా? నమ్మకం అనేది ఉండక్కర్లేదా?” ఆంటీ నిజంగానే నొచ్చుకుంది. కళ్ళల్లో నీళ్ళు కూడా తిరిగాయి.

“గ్లోరియా ఆ గదిలోకి రాదాంటీ,” అంది ఎలీనా.

“పొద్దున్నే మీ పిన్నికి ఫోన్ చేసి చెప్పేశా. పాపం ఆనందంతో ఏడ్చేసింది.” ఆంటీ ఎలీనా భుజం నిమిరి, ఆమె అరచేతిలో ఒక దోదో పెట్టి, పక్క కుర్చీల వైపు వెళ్ళింది.

ముగింపు పాట అయ్యేదాకా మొరెనికె లేవలేదు. అందరితో పాటు నిలబడింది, రాగం తెలుసు కాబట్టి పదాలు లేకుండానే పాడింది, ఆశీర్వాదానికి తల వంచింది. అంకుల్ కారులో దింపుతానంటే వద్దని, థాంక్యూ సర్ అని చెప్పి, బయటికి నడిచింది. ఎలీనా చెప్పులు లేని పిల్లలా నాలుగడుగులు వెనక నడిచింది. ఆదివారం బస్సులు తక్కువ. స్టాపు దగ్గర గాలి ఈడ్చి కొడుతోంది. మొరెనికె తలగుడ్డ సర్దుకుని, బస్సు వచ్చే వైపు చూస్తూ నిలబడింది. ఎలీనా క్షమించమని రెండుసార్లు అంది. రెండోసారి అన్నది గాలికి తనకే సరిగా వినబడలేదు.

బస్సు వచ్చింది. లోపల డ్రైవరు తప్ప ఎవరూ లేరు. మొరెనికె ముందెక్కి, మూడో వరసలో కిటికీ పక్కన కూర్చుంది. రోజూ ఆ పక్క సీటు ఎలీనాది. ఎలీనా అక్కడిదాకా వచ్చి ఆగింది. మొరెనికె ఆమె వైపు చూడలేదు, కసురుకోలేదు. ఒళ్ళో ఉన్న చేతిసంచీ తీసి పక్క సీటు మీద పెట్టుకుంది.

బస్సు కదిలింది. అన్ని సీట్లూ ఖాళీగానే ఉన్నాయి. ఎలీనా కమ్మీ పట్టుకుని, ఇల్లు వచ్చేదాకా నిలబడే ఉంది.